తగిన అభ్యర్థి

నోటిఫికేషన్ పడిన సంగతి కోటేశ్వరమ్మకు వారం కిందటే తెలుసు. తెలిసీ ఎవరితోనూ అనలేదు. రైసు మిల్లులో డ్రయ్యరు దగ్గర పనిచేసే భర్త సామ్యేలుతో అనలేదు, తెనాలి పక్కన అంగలకుదురులో తను పాఠాలు చెప్పే ప్రైవేటు బీఎడ్ కాలేజీలోనూ అనలేదు. ప్రకటన ఉన్న పేపరు ముక్కను మడిచి బ్యాగు లోపలి అరలో పెట్టుకుని, రోజూ రేపల్లె నుంచి తెనాలికి, తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో తిరుగుతోంది.

బాపట్లలో విశ్వవిద్యాలయం వారి విద్యా విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. ఒక్కటే. ఎస్టీలకు కేటాయించింది, ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్నది. సబ్జెక్టు గణిత బోధన పద్ధతులు. దరఖాస్తుకు ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

ఆ మధ్యాహ్నం ఆమె రెండో ఏడాది వాళ్ల క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. లేత బూడిదరంగు చీర, తల మీద కొంగు, ఒళ్లో చేతిసంచి. ఎండలో చాలాదూరం వచ్చినట్టు ముఖం కందిపోయి ఉంది. కోటేశ్వరమ్మను చూడగానే లేచి నిలబడింది.

"కోటేశ్వరమ్మ గారేనా అండి? నా పేరు నస్రీన్. బాపట్లలో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని. మీకోసమే వచ్చాను."

ఆ ముఖాన్ని కోటేశ్వరమ్మ ఇదివరకు ఒక్కసారే చూసింది. ఆ పేరును మాత్రం చాలాసార్లు చదివింది.

కోటేశ్వరమ్మ పుట్టింది రేపల్లె శివారులో, మురుగుకాలవ కట్ట మీది యానాదుల కాలనీలో. తండ్రి వరి చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాడు. తల్లి చెంచమ్మ కాలవలో దిగి పీతలు పట్టేది. కాలనీ పిల్లలు బడికి వెళ్లడమంటే వారంలో రెండు రోజులు గుమ్మం దగ్గర కూర్చుని రావడమే. కోటేశ్వరమ్మ మాత్రం రోజూ వెళ్లేది, ఎవరూ వెళ్లమనకపోయినా. మూడో తరగతిలో ఒక పంతులమ్మ ఆమెను గుమ్మం దగ్గర నుంచి లేపి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. ఆ ఏడాది చివరికి పంతులమ్మకు బదిలీ అయిపోయింది కానీ, ముందు బెంచీలోంచి కోటేశ్వరమ్మను లేపడం తర్వాత వచ్చినవాళ్లకు సాధ్యం కాలేదు. హాస్టలు, ఇంటరు, తెనాలిలో లెక్కల డిగ్రీ, బీఎడ్, ఎమ్మెడ్. నెట్ పాసైంది. పెళ్లై ఒక ఆడపిల్ల పుట్టాక పీహెచ్‌డీ చేసింది. చిన్న తరగతుల పిల్లలు అంకెల స్థాన విలువను ఎలా అర్థం చేసుకుంటారన్నది ఆమె పరిశోధన. కట్ట మీది కాలనీ పిల్లలనూ, ఊళ్లోని మిగతా పిల్లలనూ ఒకేచోట కూర్చోబెట్టి రెండేళ్లు గమనించి రాసింది.

ఇదే పోస్టుకు ఆమె కరోనాకు ముందు ఏడాది ఒకసారి ఇంటర్వ్యూకు వెళ్లింది. పొడుగాటి బల్ల వెనక అయిదుగురు కూర్చున్నారు. ఏడు నిమిషాల్లో పంపేశారు. ఒకాయన నవ్వుతూ, "మీవాళ్లు ఇప్పటికీ ఎలుకలు తింటారామ్మా?" అని అడిగాడు. ఇంకొకాయన ఇంగ్లీషులో ఏదో అడిగి, ఆమె జవాబు సగంలో ఉండగానే, "మీకు ప్రైమరీ స్కూలైతే బాగుంటుందేమో" అన్నాడు. లెక్కల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. బల్లకు ఎడమ చివర కూర్చున్న ఒకావిడ మొదటి నుంచి చివరి వరకూ కాగితాలు తిరగేస్తూ ఉండిపోయింది.

ఫలితం ఒక్క వాక్యం. తగిన అభ్యర్థి లభ్యం కాలేదు.

సమాచార హక్కు చట్టం కింద ఆమె పెట్టిన దరఖాస్తుకు పదకొండు నెలల తర్వాత ఒక పేజీ వచ్చింది. మార్కుల్లేవు, కారణాల్లేవు. ఆ ఒక్క వాక్యం, కింద అయిదు సంతకాలు. రెండో సంతకం పక్కన బ్రాకెట్లలో పేరుంది: నస్రీన్.

ఇప్పుడా మనిషి తన స్టాఫ్ రూములో నిలబడి ఉంది.

పక్కన మిగతా లెక్చరర్లు చెవులు రిక్కించి ఉండటం గమనించి, "అలా రండి మేడం" అని కోటేశ్వరమ్మ ఆమెను ఖాళీగా ఉన్న క్లాసురూములోకి తీసుకెళ్లింది. ఇద్దరూ విద్యార్థుల బెంచీల మీద ఎదురెదురుగా కూర్చున్నారు.

"నోటిఫికేషన్ చూశారా అండి?" అంది నస్రీన్.

"చూశాను."

"ఇంకా అప్లికేషన్ రాలేదు మీ దగ్గర్నుంచి."

"రాదండి." కోటేశ్వరమ్మ బెంచీ అంచును పట్టుకుంది. "మేడం, నేను మీకు గుర్తున్నానా?"

"ఉన్నారు."

"ఆ కాగితం మీద రెండో సంతకం మీదే కదండీ."

నస్రీన్ కళ్లు తిప్పుకోలేదు. "నాదే."

"మీరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"అడగలేదు." "అప్పటికి నేను హెడ్‌గా వచ్చి రెండు నెలలు. కాగితం టైపు చేసి తెచ్చారు. అందరూ పెట్టారు, నేనూ పెట్టాను. భయపడ్డానని చెప్పొచ్చు, తెలియక పెట్టానని చెప్పొచ్చు. రెండూ నిజం కాదమ్మా. అసలు ఆలోచించలేదు. అందులో ఆలోచించాల్సింది ఉందని కూడా అనిపించలేదు నాకప్పుడు."

క్షమించమని అంటుందేమోనని కోటేశ్వరమ్మ ఎదురుచూసింది. అంటే వెంటనే లేచి వెళ్లిపోదామనుకుంది. నస్రీన్ ఆ మాట అనలేదు.

"మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"ఈసారి కూడా ఎవరూ దొరకలేదని రాస్తే పోస్టును జనరల్ కింద మార్చమని అడుగుతారు. ఆ ఫైలు ఇప్పటికే తయారుగా ఉంది. నా బల్ల మీదనుంచే పోవాలి. మా దగ్గర ఏటా వందమంది టీచర్లు తయారై బయటికి పోతున్నారు. ముప్పై ఏళ్ల రికార్డు తీసి చూశానండి. వాళ్లకి పాఠం చెప్పినవాళ్లలో ఎస్టీ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరూ అప్లై చెయ్యట్లేదు, మేమేం చేస్తాం అనేవాళ్లం. చేసినవాళ్లని ఏం చేశామో ఎవరూ అనుకోలేదు. అందుకని ఈసారి అర్హత ఉన్నవాళ్ల పేర్లు కనుక్కుని, నేనే వెళ్లి చెబుతున్నాను. మీకంటే ముందు ఇద్దరిని కలిశాను. ఒకాయన వస్తానన్నాడు. ఒకావిడ నన్ను గుమ్మంలోకి కూడా రానివ్వలేదు."

"నేను వస్తే ఉద్యోగం ఇస్తారా?"

"ఆ మాట నేను ఇవ్వలేను. ఇవ్వకూడదు కూడా. అయిదుగురిలో ఒకదాన్ని. నా మార్కులు మాత్రం నేనే వేస్తాను, మీరు చెప్పినదాన్ని బట్టి వేస్తాను."

"అంటే మళ్లీ అదే గదిలోకి రమ్మంటున్నారు. ఆ మనుషుల ముందుకే."

నస్రీన్ ఒక కాగితం ముక్క మీద ఫోన్ నంబరు రాసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. కోటేశ్వరమ్మ ఆమెను గేటు దాకా సాగనంపలేదు. టీ కూడా అడగలేదని ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇంట్లో చెప్పింది. సామ్యేలు మామూలుగా మెతక మనిషి. ఆ పూట మాత్రం ముద్ద కంచంలో వదిలేశాడు.

"పోయినసారి వచ్చి మూడురోజులు అన్నం తినలా నువ్వు. పిల్ల నీకు జబ్బు చేసిందనుకుంది. ఆ గదిలోకి మళ్లీ పోవటం ఎందుకు కోటీ? ఇక్కడ నిన్ను మేడం మేడం అంటున్నారు గదా, చాల్లే."

చెంచమ్మ గోడకు ఆనుకుని వింటోంది. "ఇంతకీ ఆయమ్మ నీకాడికి వచ్చిందా, నువ్వు పోయావా?"

"ఆవిడే వచ్చిందమ్మా."

"ఎందుకొచ్చిందో తెలవకుండా నమ్మమాక" అంది చెంచమ్మ. "వచ్చింది గదాని కొట్టిపారెయ్యా మాక."

తల్లి మాట ఎటూ తేల్చలేదు. గడువులో ఏడు రోజులు అలాగే గడిచిపోయాయి.

ఎనిమిదో రోజు బోధనాభ్యాసం పర్యవేక్షణకు వెళ్లింది కోటేశ్వరమ్మ. బీఎడ్ చదివేవాళ్లు బళ్లకు వెళ్లి పాఠాలు చెప్పి చూపించాలి, లెక్చరరు వెనక కూర్చుని చూసి మార్కులు వేయాలి. ఆ రోజు వంతు కీర్తన అనే అమ్మాయిది. తెలివైన పిల్ల. రేపల్లెలో ఒక బడిలో ఆరో తరగతికి భిన్నాలు చెబుతోంది. పాఠం చక్కగా నడిచింది. బొమ్మలు, రంగు కాగితాలు అన్నీ ఉన్నాయి. వెనక గోడ దగ్గర మాత్రం నలుగురు పిల్లలు విడిగా కూర్చుని పలకల మీద గీతలు గీసుకుంటున్నారు.

గంట కొట్టాక కోటేశ్వరమ్మ అడిగింది. "వాళ్లనెందుకమ్మా అటు కూర్చోబెట్టావు?"

కీర్తన గొంతు తగ్గించి చెప్పింది. "ఆ కట్టమీది కాలనీ పిల్లలండి మేడం. వాళ్లకి లెక్కలు రావు. అడిగితే భయపడి ఏడుస్తారేమోనని ఊరికే బొమ్మలేసుకోమన్నాను."

ఆ అమ్మాయి మాటలో వెటకారం లేదు. జాలి ఉంది. అదే కోటేశ్వరమ్మకు ఊపిరాడకుండా చేసింది.

"నేనూ ఆ కాలనీ పిల్లనేనమ్మా" అంది.

కీర్తన ముఖం పాలిపోయింది. "అయ్యో... సారీ మేడం. నాకు తెలీదండి." తర్వాత తప్పు దిద్దుకుందామని తొందరపడి, "అయినా మీరు వేరు మేడం" అంది.

సాయంత్రం నడుస్తూ ఇంటికి వస్తుంటే ఆ మాటే వెంట వచ్చింది. మీరు వేరు. కాలనీలోంచి ఒక్కతే వచ్చి ముందు నిలబడితే, వేరు అనే అంటారు. ఆ నలుగురు పిల్లలు అక్కడే గోడ దగ్గర ఉంటారు. ఇప్పుడు కీర్తన పరీక్ష పాసై ఎక్కడో బడిలో ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. ఏటా నలుగురికి పలకలిచ్చి వెనక కూర్చోబెడుతుంది, మంచి మనసుతోనే.

కోటేశ్వరమ్మ ఇంటికి పోలేదు. స్టేషను రోడ్డులో నెట్ సెంటరుకు వెళ్లి బ్యాగులోంచి పేపరు ముక్క తీసింది. గడువు మర్నాటి సాయంత్రం అయిదింటికి. ఫారం నింపి పంపేసరికి కరెంటు రెండుసార్లు పోయింది.

పిలుపు నాలుగు నెలలకు, అక్టోబరులో వచ్చింది. ముసురు పట్టిన రోజు. రేపల్లెలో తొలి బండి ఎక్కి తెనాలిలో దిగి, అక్కడినుంచి బాపట్ల బండి పట్టుకుంది. చీర కుచ్చెళ్లు తడవకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫైలును పాలిథిన్ సంచిలో గుండెకు హత్తుకుని క్యాంపస్‌కు చేరేసరికి తొమ్మిదిన్నర.

ఎస్టీ పోస్టుకు ముగ్గురు వచ్చారు. ఆమె వరస రెండోది. వరండాలో బల్ల వేసుకుని గుమాస్తా ఒకడు సర్టిఫికెట్లు చూస్తున్నాడు. ఆమె కాగితాలన్నీ తిరగేసి, చివర పెన్ను కింద పెట్టాడు.

"మీ మీద పిటిషన్ వచ్చిందండి."

"ఏం పిటిషను?"

అతను ఫైలు కిందనుంచి ఒక ఉత్తరం సగం పైకి లాగి చూపించాడు. ఆకాశరామన్న ఉత్తరం. ఈమె భర్త పేరు సామ్యేలు, వీళ్లు చర్చికి పోతారు, మతం మారినవాళ్లు, ఈమెకు రిజర్వేషన్ చెల్లదు అని ఉంది. రాసినవాళ్లెవరో ఆమెకు ఈనాటికీ తెలియదు.

"కలెక్టరాఫీసు నుంచి తేలేదాకా మిమ్మల్ని లోపలికి పంపలేమండి" అన్నాడు గుమాస్తా.

కోటేశ్వరమ్మ చుట్టూ చూసింది. సరిగ్గా అప్పుడే నస్రీన్ మెట్లెక్కి వరండాలోంచి నడిచి వచ్చింది. బల్ల దగ్గర ఏదో పేచీ నడుస్తోందని ఆవిడకు కనపడే ఉంటుంది. చూసీ చూడనట్టు తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది. కోటేశ్వరమ్మ గుమాస్తా వైపు తిరిగింది.

"ఎస్టీలకు మతంతో సంబంధం లేదండి" అంది. "ఎస్సీల విషయంలో ఉన్న నిబంధన వేరు. రూలు కాపీ నా దగ్గరుంది, చూడండి."

"అదంతా నాకు తెలీదమ్మా. పిటిషన్ అంటూ వచ్చాక..."

"అలాగే. అయితే ఏ రూలు కింద నన్ను ఆపుతున్నారో ఒక కాగితం మీద రాసి, మీ పేరు, హోదా వేసి సంతకం పెట్టివ్వండి. నేను వెళ్లిపోతాను."

గుమాస్తా ఆమె వంక చూశాడు. పెన్ను తీశాడు, మళ్లీ పెట్టాడు. రాయలేదు. ఆ ఉత్తరం, ఆమె ఇచ్చిన కాపీ రెండూ పట్టుకుని లోపలికి వెళ్లాడు.

పావుగంట గడిచింది. మొదటి అభ్యర్థి బయటికి వచ్చేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు అజయ్ బాబు చీటీ చూసి, రెండో పేరు వదిలేసి మూడో పేరు పిలిచాడు. ఆ మూడో అభ్యర్థి లోపలికి వెళ్తుంటే కోటేశ్వరమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుని ఎదురుగా గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ ఉండిపోయింది. ఏడవకూడదు, లేవకూడదు అని రెండే అనుకుంది. వాన జల్లు వరండాలోకి కొట్టి కాళ్లు తడుస్తున్నా జరగలేదు.

మూడో అభ్యర్థి కూడా బయటికి వచ్చాక గుమాస్తా కనపడ్డాడు. ఆమె వైపు చూడకుండా కాగితాల మీద ముద్ర కొట్టాడు. "వెళ్లండి" అన్నాడు.

అదే గది. పొడుగాటి బల్ల, అయిదుగురు. మధ్యలో అధ్యక్షుడు, కొత్తాయన, ఫోను చూసుకుంటున్నాడు. ఆయన పక్కన బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న నిపుణుడు. ఎడమ చివర నస్రీన్. ఈసారి ఆవిడ ముందు తెల్ల కాగితం, పెన్ను, చేతిగడియారం విప్పి పెట్టి ఉన్నాయి.

"పాఠం చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు తలెత్తకుండా.

కోటేశ్వరమ్మ బోర్డు మీద పెద్దగా 306 అని రాసింది.

"రెండో తరగతి పాపను ముప్పై ఆరు రాయమంటే ఇలా రాసిందండి. మీరంతా రేపు బడికి వెళ్లబోయే ఛాత్రోపాధ్యాయులు అనుకుంటున్నాను. ఏం చేస్తారు?"

"తప్పని కొట్టేస్తాం" అన్నాడు కళ్లజోడాయన. ఇద్దరు నవ్వారు.

"చాలామంది అదే చేస్తారండి" అంది ఆమె. "ముప్పై ఎలా రాస్తాం? మూడు, పక్కన సున్నా. ఆరు ఎలా రాస్తాం? ఆరు. పాప ముప్పై విన్నది, రాసింది. ఆరు విన్నది, పక్కన రాసింది. విన్నది విన్నట్టు, క్రమం తప్పకుండా రాసింది. ఈ పాపకు లెక్కలు రావని కాదు. నోటి లెక్కకీ రాత లెక్కకీ మధ్య ఒక మెట్టు ఉంది, ఆ మెట్టు మనం చూపించలేదు. ఇప్పుడు మనం ఆమెను అడగాల్సిన మొదటి ప్రశ్న..."

"చాలమ్మా" అన్నాడు కళ్లజోడాయన. "అర్థమైంది."

బోర్డు మీద చెయ్యి ఆగిపోయింది. పోయినసారి ఏడు నిమిషాలు. ఇప్పుడు అంత కూడా కాలేదు. సుద్దముక్క కింద పెట్టేస్తే ఈ గదిలోంచి బయటపడొచ్చు. తెనాలి బండి పన్నెండున్నరకు ఉంది.

"పిలుపు కాగితంలో పదిహేను నిమిషాలని రాశారండి" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇంకా సగం కూడా అవలేదు."

అధ్యక్షుడు మొదటిసారి ఫోను మీదనుంచి తలెత్తాడు.

"పది నిమిషాలున్నాయి" అంది నస్రీన్, గడియారం వైపు చూసి. "కానివ్వండి."

కోటేశ్వరమ్మ కానిచ్చింది. పుల్లల కట్టలు, విడి పుల్లలు గీసి, పాపను ఏమడగాలో, ఆమె ఏం చెబితే ఏ వైపు వెళ్లాలో, ఎక్కడ టీచరు నోరు మూసుకుని ఉండాలో చెప్పింది. పదిహేను నిమిషాలు నిండాక తనే ఆపింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. "మీరు గిరిజన విద్య పేపరు చెప్పడానికి బాగా పనికొస్తారమ్మా" అన్నాడు కళ్లజోడాయన. "లెక్కల మెథడంటే మరి అనుభవం..."

"పదేళ్లుగా చెబుతున్నది అదేనండి. పోస్టు కూడా దానికే కదండీ."

తర్వాత నస్రీన్ గొంతు సవరించుకుంది. "మీ థీసిస్ చదివాను. నలభై రెండు మంది పిల్లలే ఉన్నారు అందులో. అంత కొద్దిమందిని చూసి, కాలనీ పిల్లలకీ మిగతావాళ్లకీ తేడా లేదని అయిదో అధ్యాయంలో తేల్చేశారు. అది ఎలా కుదురుతుంది?"

కోటేశ్వరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. మిగతావాళ్లెవరూ తెరిచి కూడా చూడని థీసిస్ అది. సహాయం చేస్తుందనుకున్న మనిషి అందులోని బలహీనమైన చోటే పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె బోర్డు వైపు చూసింది, మళ్లీ ఇటు తిరిగింది.

"కుదరదు మేడం. తేడా లేదని కాదు, నాకు కనపడలేదని రాయాల్సింది. ఆ మాట నాది ఎక్కువైంది. ఇప్పుడు రాస్తే మూడు మండలాల్లో, కనీసం రెండొందల మందిని తీసుకుంటాను. తప్పు సమాధానాలను విడగొట్టిన పద్ధతి మాత్రం నిలుస్తుందండి. కావాలంటే వివరిస్తాను."

"వివరించండి" అన్నది నస్రీన్ కాదు. అధ్యక్షుడు.

బయటికి వచ్చేసరికి ఆమె జాకెట్టు వీపంతా చెమటతో తడిసి ఉంది. అసలు సర్టిఫికెట్లు గుమాస్తా దగ్గరే ఉండిపోవడంతో వెంటనే వెళ్లడానికి లేకపోయింది. మిగతా ఇద్దరూ వెళ్లిపోయారు. అరగంటకు అజయ్ బాబు టీ గ్లాసుల పళ్లెంతో లోపలికి వెళ్తూ తలుపు పూర్తిగా వేయలేదు. మాటలు బయటికి వచ్చాయి.

"టైపు చేసే ఉంది కదా మేడం. సంతకమే కదా."

"తగినవాళ్లు లేరని రాయాలంటే, ముగ్గురిలో ఎవరు ఎందుకు తగరో ఒక్కొక్కరికీ రాయాలి సార్. నేను నావి రాశాను. మీరూ రాయండి. దీని మీద నేను పెట్టను."

"ఒక్కరి కోసం ఇంత రభస ఎందుకండీ?"

"పోయినసారి చెయ్యనందుకు."

తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. గుమాస్తా సర్టిఫికెట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. కోటేశ్వరమ్మ వానలోనే స్టేషనుకు నడిచింది. ఇంట్లో అడిగితే, "అయింది" అని ఒక్క మాట చెప్పింది. తలుపు సందులోంచి విన్నది మాత్రం చెప్పలేదు. చెబితే ఆశ పెట్టుకున్నట్టవుతుంది.

నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. కాలేజీలో ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడేది. ఇంటర్వ్యూలన్నీ రద్దు చేస్తారని ఒకరు, పోస్టు ఎప్పుడో మార్చేశారని ఇంకొకరు అన్నారు. నస్రీన్ నంబరు ఆమె దగ్గరుంది. ఒక్కసారి కూడా చెయ్యలేదు. అటునుంచీ రాలేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే, ఆమె రైలుకు బయల్దేరుతుంటే, పోస్టుమాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. కోటేశ్వరమ్మ నిలబడే చింపింది. మొదటి పేజీ రెండుసార్లు చదివింది. సామ్యేలు ముఖంలోకి చూసి కాగితం అతని చేతికిచ్చింది. అతను చదివి, బల్ల మీద టిఫిన్ బాక్సు ఉందని మర్చిపోయి దాని మీదే కూలబడబోయాడు. చెంచమ్మకు ఎవరూ ఏమీ చెప్పకుండానే తెలిసిపోయింది. లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

చేరిన నెలకు కోటేశ్వరమ్మ ఇంకో పని చేసింది. ఆ ఇంటర్వ్యూ కాగితాలు కావాలని మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి నలభై రోజుల్లో వచ్చాయి. నాలుగు పేజీలు, మార్కులు, పక్కన కారణాలు. ముగ్గురు తగునని రాశారు, ఇద్దరు తగదని. అందరికంటే ఎక్కువ మార్కులు వేసింది నస్రీన్ కాదు, అధ్యక్షుడు. నస్రీన్ మార్కులు మూడో స్థానంలో ఉన్నాయి. కారణం దగ్గర ఆవిడ రాసింది: బోధన చాలా బాగుంది. అయిదో అధ్యాయం బలహీనం. ఒప్పుకున్నారు.

కోటేశ్వరమ్మ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. తనను గురించి ఆ విశ్వవిద్యాలయంలో ఎవరైనా చదివి రాసిన మొదటి మాట అదే.

ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్పడానికి లేదు. మొదటి టైంటేబుల్ దగ్గరే గొడవ వచ్చింది. పైనుంచి చెప్పారని నస్రీన్ ఆమెకు లెక్కల మెథడుతోపాటు గిరిజన విద్య పేపరు కూడా వేసింది.

"నాకొద్దు మేడం" అంది కోటేశ్వరమ్మ.

"మీకంటే బాగా ఎవరు చెబుతారమ్మా?"

"నేను చెబితే అది నా సొంత గొడవ అవుతుందండి. పిల్లలు నా ముఖం చూసి తలూపి వెళ్లిపోతారు. అందరికీ సంబంధించిన పేపరు కాబట్టి అందరూ చెప్పాలి, వంతులవారీగా. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెబుతాను."

నస్రీన్‌కు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టైంటేబుల్ చింపి కొత్తది అంటించింది. అందులో ఆ పేపరు ఎదురుగా తన పేరే రాసుకుంది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు కోటేశ్వరమ్మ ఛాత్రోపాధ్యాయులను రేపల్లె వైపు బళ్లకు తీసుకెళ్తుంది. వెనక గోడ దగ్గర ఎవరినైనా విడిగా కూర్చోబెడితే ఆ పాఠానికి మార్కులు వేయదు, మళ్లీ చెప్పమంటుంది. కఠినురాలని పేరొచ్చింది. నస్రీన్ మంగళవారాలు గిరిజన విద్య చెబుతుంది. సోమవారం మధ్యాహ్నం నోట్సు పట్టుకుని కోటేశ్వరమ్మ గదికి వస్తుంది. రాసుకున్నది చదివి వినిపిస్తుంది. కోటేశ్వరమ్మ ఎర్ర పెన్ను తీసి, "ఇది కాదు మేడం, మళ్లీ చూడండి" అంటుంది. నస్రీన్ కళ్లజోడు సవరించుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంటుంది.